రోగనిరోధకశక్తితో గర్భనిరోధము

పరాయిదానిని ఆనవాలు పట్టి పారద్రోలుట శరీరరక్షణవ్యవస్థకు పుట్టుకతో వచ్చిన ధర్మము. మశూచికమును లోకమునుండి వెడలగొట్టినదియు, ధనుర్వాతము వాతబడకుండ బాలింతలను పసికందులను కాపాడుచున్నదియు ఆ ధర్మమే. అయినను అదే వ్యవస్థ స్త్రీశరీరమున ప్రవేశించు కోట్లకొలది శుక్రకణములను చూచియు చూడనట్లుండును. తండ్రినుండి సగము అంశను తెచ్చుకొన్న పిండము గర్భాశయకుడ్యమును తొలిచికొని కుదురుకొని తొమ్మిదినెలలు తల్లిరక్తముతో పెరుగుచున్నను దాని జోలికి పోదు. ఈ సహనమును కొంతకాలముపాటు తొలగింపగలిగినచో, దినదినము మాత్రలు మ్రింగు శ్రమలేక, లూపు వేయించుకొను అవసరములేక, పిల్లల ఆపరేషనుకు లోనుగాక, ఏడాదికొక సూదిమందుతో గర్భమును వారింపవచ్చును గదా యను తలంపు శాస్త్రజ్ఞులకు నూరేండ్లకు పూర్వమే కలిగినది. ఆ తలంపు ఏయే రూపములు దాల్చినదో, ఎంతవరకు ఫలించినదో, ఫలించినంత మేరకైనను ప్రజల వాడుకలోనికి ఏల రాలేదో విచారించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

1899వ సంవత్సరమున, రక్తవర్గములను కనుగొని కొలదికాలములోనే జగత్ప్రసిద్ధుడు కానున్న కార్ల్ లాండ్‌స్టైనరును, భక్షకకణసిద్ధాంతమునకు మూలపురుషుడైన మెచ్నికాఫును, వేర్వేరుగ పరిశోధించుచు, ఒక జంతువు శుక్రకణములను వేరొక జాతి జంతువునకు సూదితో ఎక్కించినచో దాని రక్తమున ఆ కణములను కదలనీయని ప్రతిరక్షకములు జనించునని కనుగొనిరి. స్వజాతి శుక్రకణములకు కూడ అట్టి ప్రతిక్రియ కలుగునని గినీపందులయందు మరుసటి యేడే మెటల్నికాఫ్ నిరూపించెను. ప్రయోగశాలలోని ఈ విశేషము మనుష్యులకడకు వచ్చుటకు ముప్పదియేండ్లు పట్టెను. 1932లో అమెరికాలోని డెన్వరు నగరమున బాస్కిన్ అను వైద్యుడు, సంతానవతులైన 20 మంది స్త్రీలకు వారి భర్తల వీర్యమునే సూదిమందుగ ఇచ్చి, తాను పరిశీలించిన కాలములో వారు గర్భము ధరింపలేదని ప్రకటించెను. సూది పొందని స్త్రీలను సరితూచి చూచినది లేదు. పైగా వీర్యము ఏకపదార్థము కాదు. బహువిధములైన ప్రోటీనులు కలిసిన ద్రవము. వానిలో దేనికి ప్రతిరక్షకములు పుట్టినవో, పుట్టినవి శరీరమున ఇంకే అవయవమును బాధించునో తెలియు మార్గము ఆనాడు లేదు. కావున ఆ మార్గము చాలకాలము మూతపడెను.

ఇంతలో ప్రకృతియే కొన్ని నిదర్శనములను చూపెను. పిల్లలు కలుగక వైద్యమునకు వచ్చిన కొందరు స్త్రీల రక్తమున శుక్రకణముల చలనమును నిలుపు ప్రతిరక్షకములున్నవని 1960 తరువాతి దశాబ్దమున జపానులో ఇసోజిమా కనుగొనెను. వేసెక్టమీ చేయించుకొన్న పురుషులలో సగముమందికి పైగా తమ శుక్రకణములపై తమ రక్తముననే ప్రతిరక్షకములను పెంచుకొందురు; ఆ కారణముచే వారికి వేరు రోగము కలుగుట సాధారణముగ కానరాదు. అనగా రోగనిరోధకశక్తి సంతానమును ఆపగలదనుట ఊహ కాదు, లోకములో జరుగుచున్న సంగతియే. మిగిలిన ప్రశ్న గురి ఎక్కడ పెట్టవలెననునది. గర్భధారణకు తప్పనిసరియైనదియు, మరి యే అవయవముతోను పొత్తులేనిదియు, స్వల్పపరిమాణమున మాత్రమే ఉండునదియునగు పదార్థము కావలెను. శుక్రకణముపైనను, అండమును ఆవరించియుండు జోనా పెల్లూసిడా యను పొరయందును, గర్భమునకు సంబంధించిన హార్మోనులలోను అట్టి పదార్థముకై వెదకులాట సాగినది. వీనిలో మనుష్యులవద్ద ఎక్కువదూరము నడచినది హార్మోనుమార్గము; అది నడచినది మన దేశముననే.

హెచ్‌సీజీ యని పొడియక్షరములతో వ్యవహరింపబడు హార్మోను ఒకటి కలదు. మందులదుకాణమున పట్టీ కొని తెచ్చుకొని ఇంటిలో మూత్రముతో చూచుకొను గర్భపరీక్ష పసిగట్టునది దీనినే. ఫలించిన అండము గర్భాశయమును చేరి కుదురుకొను వేళకు, అనగా వారముదినముల లోపలనో అటునిటుగనో, దాని పైపొరలోని కణములు ఈ హార్మోనును స్రవింప నారంభించును. అది తల్లిరక్తమున పయనించి అండాశయమును చేరి, అచ్చట అండము విడువబడిన తావున ఏర్పడిన కార్పస్ లూటియమ్ అను గ్రంథికి, వాడిపోవద్దని సందేశమునిచ్చును. ఆ సందేశము అందనిచో ఆ గ్రంథి పదునాలుగు దినముల ప్రాంతమున క్షీణించును, ప్రొజెస్టరోను తగ్గును, గర్భాశయపుపొర విడివడి నెలసరి వచ్చును. అందినచో మాయ తన పనిని తాను చేసికొనగలుగువరకు ఆ గ్రంథియే గర్భమును నిలుపును. ఈ సందేశమును దారిలోనే ప్రతిరక్షకములు పట్టుకొన్నయెడల నెలసరి వేళకే వచ్చును; ఆ నెలలో అండము విడుదలయగుటకుగాని, స్త్రీసహజమైన హార్మోనుల రాకపోకలకుగాని భంగము కలుగదు. మాత్రలతోను హార్మోను సూదులతోను వచ్చు రక్తస్రావక్రమభంగము, తలనొప్పి, ఒళ్లు బరువెక్కుట మొదలగు బాధలెరిగిన స్త్రీకి ఇది ఎంత గొప్ప ఊరటయో వేరుగ చెప్పనక్కరలేదు. గర్భము కుదురుకొను దశలో పనిచేయు ఈ పద్ధతిని గర్భనిరోధమనవలెనా, గర్భవిచ్ఛేదమనవలెనా యని కొందరు మతధర్మవాదులు ఆక్షేపించిరి. ఆ వివాదము వారి వారి విశ్వాసములనుబట్టి నడచునది కాన దానిని ఇక్కడ పెంచను.

అయితే హెచ్‌సీజీ మనుష్యశరీరముననే పుట్టిన పదార్థము. తనదియని తలచి ఊరకుండు శరీరమును దానిపై పురికొల్పుట ఎట్లు? ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞానసంస్థయందు జీవరసాయనశాస్త్రాచార్యుడైన జి.పి. తల్వార్, ఈ హార్మోనులోని బీటా అను భాగమును వేరుచేసి, శరీరము పరాయిదిగ ఎరిగిన ధనుర్వాతపు టాక్సాయిడునకు రసాయనికముగ జోడించెను. టాక్సాయిడును ఎదిరింపలేచిన వ్యవస్థ దానితో కలిసివచ్చిన హార్మోనుభాగముపై కూడ ప్రతిరక్షకములను సృజించెను. 1976లో వెలువడిన ఈ ఫలితము ప్రపంచ శాస్త్రజ్ఞలోకము దృష్టిని ఢిల్లీవైపు మరల్చెను. మొదటి టీకాకు ప్రతిస్పందన మనిషికొక తీరుగ నుండుటచే, పిదప తల్వారు బృందము బీటాభాగమును గొర్రె హార్మోనునుండి తీసిన ఆల్ఫాభాగముతో జతపరచి, ఆ జంటను ధనుర్వాత, డిఫ్తీరియా టాక్సాయిడులకు సంధించి మరింత బలమైన టీకాను సిద్ధపరచెను. ఈలోగా ఢిల్లీలోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీ వెలసినది. దానికి తొలి సంచాలకుడు తల్వారే.

ఈ రెండవ టీకాపై జరిగిన పరీక్ష ఈ శాస్త్రచరిత్రయందు ముఖ్యఘట్టము గనుక దానిని కొంత దగ్గరగ చూడవలెను. ఢిల్లీలో వైద్యవిజ్ఞానసంస్థ, సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి, చండీగఢులో స్నాతకోత్తర వైద్యసంస్థ, ఈ మూడుచోట్ల 148 మంది సంతానవతులు పాల్గొనిరి. ఆరేసి వారముల యెడముతో మూడు సూదులు. తరువాత అవసరమునుబట్టి బలపరచు సూదులు. రక్తములో ప్రతిరక్షకముల బలము మిల్లీలీటరునకు 50 నానోగ్రాముల హార్మోనును బంధింపగల మట్టమునకు చేరినప్పుడే రక్షణ కలిగినట్లు లెక్క. 148 మందిలో 119 మంది, అనగా నూటికి 80 మంది, ఆ మట్టమును దాటిరి. ఆ మట్టమునకు పైనున్న కాలములో పరిశీలింపబడిన ఋతుచక్రములు 1224. గర్భము వచ్చినది ఒక్కసారి మాత్రమే. ఋతుక్రమము చెడలేదు, అండము విడుదలయగుట ఆగలేదు. మట్టము దాదాపు 35 నానోగ్రాములకు దిగజారిన పిమ్మట స్త్రీలు మరల గర్భవతులైరి. పుట్టిన బిడ్డలు ఆరోగ్యవంతులుగ నున్నారని తరువాతి నివేదిక తెలిపెను. టీకాచే స్త్రీ గర్భము ధరింపకుండ చేయవచ్చుననియు, ఆ స్థితి శాశ్వతము కాదనియు ప్రపంచమున మొట్టమొదట నిరూపించిన ఘనత 1994లో ప్రకటితమైన ఈ పరీక్షకే దక్కినది. దీని నెవ్వరును తక్కువ చేయరాదు.

ప్రపంచ ఆరోగ్యసంస్థ అవలంబించిన దారి వేరు. హెచ్‌సీజీ బీటాభాగము, అండమును విడుదల చేయించు ఎల్‌హెచ్ అను హార్మోనును చాలవరకు పోలియుండుటచే, ఒకదానికై పుట్టిన ప్రతిరక్షకములు రెండవదానిని కూడ పట్టునేమోయని ఆ సంస్థ శంకించినది. ఆ కారణమున ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయపు స్టీవెన్స్, హెచ్‌సీజీకి మాత్రమే ప్రత్యేకమైన తోకభాగమును, 37 అమైనో ఆమ్లముల గొలుసును, గైకొని డిఫ్తీరియా టాక్సాయిడునకు జోడించెను. ఆస్ట్రేలియాలోని అడిలెయిడులో, ముందే ఆపరేషను చేయించుకొన్న 30 మంది స్త్రీలపై జరిగిన భద్రతాపరీక్షయొక్క ఫలితములు 1988లో వెలువడినవి. గురి నిర్దుష్టమే గాని ప్రతిరక్షకముల బలము తక్కువ. స్వీడనులో మొదలుపెట్టిన రెండవదశ పరీక్షలో సూది పొడిచినచోట తీవ్రబాధ కలుగుటచే 1994లో దానిని నిలిపివేసిరి.

ఇక ఢిల్లీ పరీక్షలోని ఆ 1224 అను అంకెను మరల తరచిచూడవలెను. అది మట్టమునకు పైనున్నవారి లెక్క. మట్టమును చేరని 29 మంది అందులో లేరు. అయిదుగురిలో ఒకరికి టీకా పట్టదన్నమాట. ఎవరికి పట్టునో ఎవరికి పట్టదో ముందుగ చెప్పు ఉపాయము లేదు. పట్టినవారికైనను మూడునెలలకు పైబడియే రక్షణ ఆరంభమగును. అది ఎన్నినెలలుండునో మనిషిమనిషికి మారును. మాత్ర మరచిన స్త్రీకి తాను మరచినట్లు తెలియును. కాపర్-టీ జారినచో దారము కనబడక సంగతి బయటపడును. ప్రతిరక్షకములు మట్టమునకు దిగువకు జారినపుడు మాత్రము శరీరము ఏ సూచనయు చేయదు. ప్రయోగశాలలో రక్తము కొలిచినవారే చెప్పవలెను. ఢిల్లీ ఆసుపత్రులలో క్రమము తప్పక జరిగిన ఆ కొలత, రక్తహీనతపరీక్షకే మూడు మైళ్లు నడువవలసిన పల్లెలో ఎవరు చేయుదురు? మనసు మారి బిడ్డ కావలెననుకొన్న తల్లికిని ఇదే చిక్కు: మాత్ర మానవచ్చును, లూపు తీయించుకొనవచ్చును, టీకాను వెనుకకు తీసికొనరాదు. తూము తలుపు తన చేతిలో లేని రైతు కాలువ ఎప్పుడు పారునో ఎప్పుడు కట్టునో తెలియక గట్టుపై నిలిచి చూచినట్లు, ఆమె తన రక్తము ఏమి నిర్ణయించునో యని ఎదురుచూడవలసినదే. ఈ ఒక్క లోపము నా దృష్టిలో తక్కిన లోపములన్నిటికంటె పెద్దది.

అందుచేతనే ఈ టీకాపై సామాజికముగ రేగిన ప్రతిఘటనను అజ్ఞానమని త్రోసివేయుట తగదు. అత్యవసరపరిస్థితి కాలమున, 1976-77లో, ఈ దేశమున 80 లక్షలకు మించి కుటుంబనియంత్రణ ఆపరేషనులు జరిగినవి. అందు ఎన్ని బలవంతపువో ఆ తరము మరువలేదు. 1985లో హైదరాబాదు చేరువనున్న పటాన్‌చెరువులో, నెట్-ఎన్ అను హార్మోను సూదిమందును స్త్రీలపై పరీక్షింపబూనినపుడు, ఆ మందు ఇంకను పరిశోధనదశలోనిదని ఆ స్త్రీలకు సరిగ తెలుపలేదని స్త్రీశక్తి సంఘటన అను మహిళాసంఘపు కార్యకర్తలు గ్రహించి, ఇతర సంఘములతో కలిసి 1986లో సుప్రీంకోర్టు నాశ్రయించిరి. అది రోగనిరోధకటీకా కాదు. అయినను, సూది పొడిచిన పిదప నెలలతరబడి వెనుదిరుగ వీలులేని సాధనమును బీదస్త్రీకి ఇచ్చునపుడు ఆమె అంగీకారమునకు అర్థమేమి యను ప్రశ్న తెలుగునేలపై గట్టిగ వినిపించినది అప్పుడే. 1993లో జర్మనీలో సమావేశమైన మహిళాసంఘములు, గర్భనిరోధక టీకాల పరిశోధనను పూర్తిగ మానవలెనని పిలుపునిచ్చినవి. దానిని అనేకదేశముల వందలాది సంస్థలు బలపరచినవి. స్త్రీకి తెలియకయే, తెలిసినను ఇష్టములేకయే, ఒక సూదితో పని ముగింపవచ్చునను సౌలభ్యము పాలకులకు దొరకునని వారు చేసిన హెచ్చరిక సత్యము. స్వరక్షణవ్యవస్థను స్వశరీరముపై మరల్చుటచే దీర్ఘకాలమున ఏమి జరుగునో కొలదినెలల పరీక్షతో తేలదన్నదియు సత్యమే. పరిశోధననే మాన్పవలెనన్న మాటతో మాత్రము నేను ఏకీభవింపను. ఆంధ్రప్రదేశమున వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 70 మందికి నేటికిని ఆపరేషనే దిక్కుగ నున్నపుడు, వారికి కొత్త సాధనములు అవసరము లేదనుట న్యాయము కాదు.

ఈ చరిత్రనుండి ఒక దారుణమైన అపవాదు కూడ పుట్టినది. తల్వారు టీకాలో ధనుర్వాతపు టాక్సాయిడు వాహకముగ నుండుటను పట్టుకొని, ధనుర్వాతమునకిచ్చు సూదులలో రహస్యముగ గర్భనిరోధకమును కలుపుచున్నారని 1990 తరువాత మెక్సికో, ఫిలిప్పీన్సు దేశములలోను, 2014లో కెన్యాలోను ప్రచారము సాగినది. రక్తమూత్రములకై ఏర్పడిన పరీక్షాసాధనములతో టీకామందును పరీక్షించి, వచ్చిన తప్పుడు అంకెలను సాక్ష్యముగ చూపిరి. హార్మోనును టాక్సాయిడునకు ప్రత్యేకముగ సంధింపనిదే, దానిని ఊరక కలిపినంతమాత్రమున ప్రతిరక్షకములు పుట్టవు. ప్రజలకిచ్చు ధనుర్వాతపు టీకాలో ఆ హార్మోను లేదు. ఈ ప్రచారము విని గర్భిణులు సూదికి వెనుదీసినచోట ముప్పు మూడునది పురిటిబిడ్డలకు. గర్భవతియగు ప్రతి తల్లియు ధనుర్వాతపు సూది నిస్సంకోచముగ వేయించుకొనవలెను.

పురుషులకై జరిగిన కృషి స్వల్పము. బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థలో మౌద్గల్, శుక్రోత్పత్తికి తోడ్పడు ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోనుపై టీకాతో మగకోతులను సంతానహీనములను చేయగలిగెను. కొలదిమంది పురుషులపై భద్రతాపరీక్షయు జరిగినది. ఆపై ముందుకు సాగలేదు. 2004లో అమెరికాలో ఓ'రాండ్ బృందము, శుక్రకణమును అంటియుండు ఎప్పిన్ అను ప్రోటీనుతో తొమ్మిది మగకోతులకు టీకా వేయగా ఏడింటికి ప్రతిరక్షకములు బాగుగ పెరిగి సంతానము నిలిచెను. టీకా మానిన పిదప వానిలో అయిదు మాత్రమే మరల సంతానశక్తిని పొందెను. మిగిలిన ఆ రెండు కోతులే మనుష్యులవైపు తొందరపడరాదని చెప్పుచున్నవి.

మనుష్యులయందు తడబడిన ఈ విద్య జంతువులయందు నిలదొక్కుకొన్నది. పంది అండపుపొరనుండి చేసిన పీజడ్‌పీ టీకా ఇందుకు ఉదాహరణము. కొన్ని జంతువుల అండాశయములను అది వాపుచేసి చెరచునని తేలుటచే స్త్రీలకు పనికిరాదని దానిని విడిచిరి. అడవిగుఱ్ఱముల విషయమున అది వరమైనది. అమెరికా తూర్పుతీరమున అసటీగ్ అను ద్వీపమున స్వేచ్ఛగ తిరుగు గుఱ్ఱములపై 1988లో కిర్క్‌పాట్రిక్ మొదలగువారు దీనిని పరీక్షించిరి. ప్రతి గుఱ్ఱమును దాని ఒంటిపై మచ్చలనుబట్టి గుర్తుంచుకొని, దానిని పట్టి కట్టివేయకయే, దూరమునుండి తుపాకితో సూదిబాణమును తొడకు వేయుదురు. మందు లోనికి పోయి బాణము తనంత తాను రాలిపడును. ఈనుట తగ్గిన ఆడుగుఱ్ఱములు బలిసి ఎక్కువకాలము జీవించుట కూడ చూచిరి. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ వనమున ఏనుగులపై 1996లో ఇదే పద్ధతి ప్రయోగింపబడెను. పది అమైనో ఆమ్లములు మాత్రమేగల జీఎన్‌ఆర్‌హెచ్ అను మెదడు హార్మోనుపై చేసిన టీకాలు లేళ్లకును గుఱ్ఱములకును అమెరికాలో అనుమతి పొందినవి. మన తెలంగాణమున నిర్మల్ చెంత కోతులకు శస్త్రచికిత్సచేయు కేంద్రము 2020లో వెలసినది. పట్టుట, కోయుట, విడుచుట అను ఆ శ్రమను సూదిబాణము ఎంతవరకు తగ్గింపగలదో మన పశువైద్యపరిశోధకులు పూనుకొని తేల్పవలసిన విషయము. ఈ మార్గమునను అపాయము లేకపోలేదు. ఆస్ట్రేలియాలో ఎలుకలకు సంతానము నిలుపు టీకాను అంటువ్యాధివలె వ్యాపింపజేయవలెనని వైరసును మార్చుచుండగా, ఆ ఎలుకమశూచివైరసు ఊహింపనంత మారకమై, దానిని సహజముగ తట్టుకొను ఎలుకలను కూడ చంపినది. 2001లో ఈ వార్త వెలువడగనే లోకము ఉలికిపడెను.

చివరకు చెప్పవలసినది, నాకు మిక్కిలి ఆశాజనకముగ తోచునది, ఇసోజిమా పరిశోధనకు కొనసాగింపుగ వచ్చినది. సంతానము కలుగని ఒక స్త్రీ రక్తకణములనుండి అతని బృందము శుక్రకణములను నిశ్చలము చేయు ఒకే జాతి ప్రతిరక్షకమును రాబట్టినది. బోస్టనులో డెబోరా ఆండర్సన్ బృందము ఆ ప్రతిరక్షకమునే పొగాకుజాతి మొక్కలలో పండించి, యోనిలో కరగిపోవు పలుచని పొరగ తయారుచేసినది. శరీరమునకు టీకా వేయుట ఇందులేదు. సిద్ధమైన ప్రతిరక్షకమును కావలసిన వేళకు, కావలసిన చోట ఉంచుట మాత్రమే. తొలిపరీక్షలో, కలయిక పిదప సూక్ష్మదర్శినిక్రింద ఒక్కొక్క దృశ్యక్షేత్రమున చురుకుగ ముందుకీదు శుక్రకణములు సగటున సుమారు 26 ఉండెడివి, ఈ పొరను వాడినపుడు 0.04కు పడిపోయినవి, వాడుట మానగనే ఎప్పటివలె కనబడినవి. ఇది కొలది దంపతులపై జరిగిన పరీక్ష; గర్భము ఆగునా లేదా యని కొలిచినది కాదు. ప్రతిరక్షకములను పండించుటకగు వ్యయమును చిన్నది కాదు. అయినను ఇందు మూడునెలల నిరీక్షణ లేదు, పట్టెనో లేదోయను సందేహము లేదు, రక్తముతీయువారితో పని లేదు. వాడుటయు మానుటయు స్త్రీ యిచ్ఛ.

హెచ్‌సీజీ టీకాను జన్యువిధానమున కొత్తగ రూపొందించి, తల్వారును అతని సహచరులును మరల పరీక్షలకు సిద్ధపరచిరి. ఆ పరీక్షలు సాగవలసినదే. పాల్గొను ప్రతి స్త్రీకి ఆమె మాటలాడు భాషలో అంతయు విప్పి చెప్పి, పరీక్ష ముగిసిన పిదప ఏండ్లతరబడి ఆమె ఆరోగ్యమును కనిపెట్టు పూచీ వహించినచోటనే సాగవలెను. ఈ రెండుమార్గములలో ప్రజాధనమును ముందుగ దేనిపై వెచ్చింపవలెనని నన్నడిగినచో, స్త్రీ తన చేతులార వాడి తన చేతులార మానగల పొరపైనే యని చెప్పుదును.